ఉద్యోగం చేయని భార్యకు సోషల్ సెక్యూరిటీ వస్తుందా?

హెచ్‌4 (భర్త వర్క్ వీసాకు తోడుగా ఇచ్చే డిపెండెంట్ వీసా) మీద వచ్చి ఇల్లూ పిల్లలతోనే ఏళ్లు గడిపిన ఇల్లాలికి అమెరికాలో పెన్షన్ ఏముంటుందిలే అనుకుంటారు మనవాళ్లు. ఉంటుంది. ఆమె ఒక్క డాలరు సంపాదించకపోయినా భర్త సంపాదన రికార్డు మీద సోషల్ సెక్యూరిటీ, అంటే అక్కడి ప్రభుత్వ పెన్షన్, తీసుకోవచ్చు. భార్య ఉద్యోగం చేసి భర్త ఇంట్లో ఉన్నా ఇదే రూలు.

అయితే ఉద్యోగం చేసే మనిషికి ముందు 40 క్రెడిట్లు (పనిచేసి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టినందుకు ఖాతాలో పడే పాయింట్లు) ఉండాలి. ఏడాదికి నాలుగుకు మించి రావు కాబట్టి, కనీసం పదేళ్ల పని. ఇండియాతో అమెరికాకు ఇంకా టోటలైజేషన్ ఒప్పందం, అంటే రెండు దేశాల్లో చేసిన సర్వీసును కలిపి లెక్కించే ఒప్పందం, లేదు. అక్కడి పీఎఫ్ సర్వీసు ఇక్కడ కలవదు. ఎనిమిదో ఏట సామాను సర్దుకుని వెళ్లిపోతే ఇద్దరికీ పెన్షన్ రాదు, కట్టిన డబ్బూ వెనక్కి ఇవ్వరు. ఆ దశలో ఉన్నవాళ్లు తిరిగి వెళ్లే తేదీ పెట్టుకునే ముందు క్రెడిట్లు చూసుకోండి.

1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్లకు పూర్తి రిటైర్మెంట్ వయసు 67. అప్పుడు భర్తకు నెలకు 3,000 డాలర్లు వచ్చేట్టుంటే, భార్య తన 67లో మొదలుపెడితే 1,500 వస్తుంది. తొందరపడి 62కే మొదలుపెడితే 975 మాత్రమే. భర్త వాటాలోంచి దీన్ని కోయరు. కానీ ఆయన తన పెన్షన్‌కు అప్లై చేసేదాకా ఆమెకు భార్య వాటా మొదలవదు. ఆమెకు సొంత క్రెడిట్లు కూడా ఉంటే రెండూ కలిపి ఇవ్వరు, ఎక్కువ ఏదైతే ఆ మొత్తం వస్తుంది.

భర్త 70 దాకా ఆగితే ఆయన 3,000 కాస్తా 3,720 అవుతుంది. భార్య వాటా మాత్రం 1,500 దాటదు. ఇక్కడే చాలామంది 'మరి ఆగడం దేనికి?' అంటారు. ఆయన ముందు పోతే, అప్పటికి ఆమెకు 67 నిండి ఉంటే, తన 1,500 బదులు ఆ 3,720 ఆమెకు వస్తుంది. ఇంట్లో సంపాదన ఒక్కరిదే అయి, భార్య వయసులో చిన్నదైతే, ఆరోగ్యం సహకరించినంత వరకూ ఆగడమే మేలని నా అభిప్రాయం. మనవాళ్లు ఇన్సూరెన్సు గురించి గంటలు మాట్లాడతారు గానీ ఈ లెక్క వేసినవాళ్లు తక్కువ.

విడాకులైనా, పెళ్లి పదేళ్లు నిలిచి, ఆమె మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉంటే, మాజీ భర్త రికార్డు మీద అడగొచ్చు.

రిటైరయ్యాక ఇండియాలో స్థిరపడాలనుకుంటే ఒక మెలిక ఉంది. ఆమె అమెరికా పౌరురాలైతే పేచీ లేదు. కాకపోతే, భార్యగా కనీసం ఐదేళ్లు అమెరికాలో నివసించి ఉండాలి. లేదంటే దేశం బయట ఆరు నెలలు దాటాక చెల్లింపు ఆగిపోతుంది.

భార్య వాటాకు అప్లై చేయాలంటే పెళ్లి రుజువు కావాలి కాబట్టి, పెళ్లి సర్టిఫికెట్ లేనివాళ్లు ఇండియా వెళ్లినప్పుడు రిజిస్టర్ చేయించుకోండి. పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, సర్టిఫికెట్‌లో అత్తింటి పేరు ఉంటే ముందే సరిచేయించండి. నోటరీ చేసిన జిరాక్సులు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో చెల్లవు.