మొదటి హోమ్ థియేటర్‌కి డబ్బు ఎక్కువ రిసీవర్‌కి పెట్టాలా, స్పీకర్లకా?

స్పీకర్లకే పెట్టండి. శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంచే పెట్టె అయిన రిసీవర్ మామూలు 5.1ది (ఐదు స్పీకర్లు, బేస్‌కి ఒక సబ్‌వూఫర్) చాలు. వినబడే తేడా చాలావరకు స్పీకర్లదే. పైగా టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కనెక్షన్ వెర్షన్లు మారేకొద్దీ రిసీవర్ పాతబడుతుంది, మంచి స్పీకర్లు ఏళ్ల తరబడి ఉంటాయి. బడ్జెట్ చాలకపోతే ముందు టీవీకి అటూ ఇటూ పెట్టే రెండు ఫ్రంట్‌లు, మధ్యలో పెట్టే ఒక సెంటర్ కొనండి, సినిమాలో మాటలు ఎక్కువగా సెంటర్‌లోంచే వస్తాయి. సబ్‌వూఫర్, వెనక స్పీకర్లు తర్వాత చూసుకోవచ్చు.

భీమవరంలో 12 బై 14 అడుగుల హాలు, స్పీకర్లకు 10 అడుగుల దూరంలో సోఫా అనుకోండి. సెన్సిటివిటీ (1 వాట్‌కి 1 మీటర్ దూరంలో వినిపించే శబ్దం) 88 డెసిబెల్స్ ఉన్న స్పీకర్ 1 వాట్‌కే అక్కడికి దాదాపు 78 డెసిబెల్స్ అందిస్తుంది. అంటే మనం మామూలుగా మాట్లాడుకునే దానికంటే బాగా గట్టిగానే. 50 వాట్ల బదులు 100 వాట్లు ఇచ్చినా పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొద్దిగా తెలుస్తుందంతే.

చాలామంది పొరబడేది ఈ వాట్ల దగ్గరే. అట్టపెట్టె మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని వేలల్లో ఉండే అంకెను వదిలేయండి, ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల శక్తి) చూడండి. వాట్లు కావాల్సింది సంక్రాంతికి పందెం బరి దగ్గర పెట్టే బాక్సులకి. ఇంట్లో టైల్స్ నేల, బోసి గోడల వల్ల మాటలు గింగురుమంటుంటే మందపాటి కర్టెన్, తివాచీ చేసే మేలు ఆ అదనపు వాట్లు చేయవు.