పాపకి సంగీతం మాన్పించకండి

గుంటూరులో కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న మీ పాప విజయవాడ సినిమా పాటల పోటీలో ఓడిందని, ‘భావం లేదు’ అన్నారని, క్లాసులు మాన్పించాలా అని అడిగారు. వద్దండీ.

కచేరీలో రాగాన్ని తీరిగ్గా విస్తరించవచ్చు, అక్కడ మనోధర్మమే, అంటే అప్పటికప్పుడు సొంతంగా కల్పించి పాడటమే పరీక్ష. సినిమా పాటకి ఉండేది నాలుగైదు నిమిషాలు. మాట ముందు, గమకం (స్వరాన్ని ఊపడం) తర్వాత. పాప బహుశా ప్రతి స్వరాన్నీ కృతిలో (కర్ణాటక కీర్తనలో) లాగే ఊపుతోంది. ముందు పాటను వచనంలా చదివించి, అర్థం చెప్పించండి. మాట మధ్యలో ఊపిరి తీసుకోకూడదు. మైకు ఉంది కాబట్టి గొంతు చించుకోనక్కర్లేదు. ‘ప’, ‘బ’ టప్పుమని పేలుతుంటే మైకుకి కాస్త పక్కగా పాడమనండి. ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి.

శాస్త్రీయం అడ్డేమీ కాదు. ఘంటసాల గారు విజయనగరంలో సంగీతం చదివే సినిమాల్లోకి వచ్చారు. బాలు గారేమో పద్ధతిగా నేర్చుకోలేదు. ఇద్దరికీ ఉన్నది స్పష్టమైన ఉచ్చారణ, పాత్రలోకి దూరిపోయే గుణం. నా లెక్కలో గొప్ప గాయకుడంటే అదే. శ్రుతి, లయ ఎవరికైనా ఉండాల్సినవే.

ఈసారి గొంతు బాగా పైకి ఎత్తాల్సిన పాట కాకుండా, పాప గొంతుకి హాయిగా అందేది ఎంచండి.