అంబాసిడర్ ఎడమకి లాగడం ఆగట్లేదా, వెనక యాక్సిల్ చూడండి

వెనక ఎడమ చక్రానికి లారీ తగిలాక ముందు చక్రాల అలైన్‌మెంట్ మూడుసార్లు చేయించినా ఎడమకే లాగుతోందంటే, తేడా ముందు కాదు, వెనక యాక్సిల్ (ఇరుసు) జరిగి ఉంటుంది. కమాన్ కట్టల (బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు) మధ్య, యాక్సిల్‌ని దాని చోట నిలిపే సెంటర్ బోల్ట్ తెగినట్టుంది.

అందరూ వదిలేసేది ఈ టేపు కొలతే:

1. చదునైన నేల మీద స్టీరింగ్ నిటారుగా పెట్టి, ముందు హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి వెనక హబ్ మధ్యకి కొలవండి, రెండు వైపులా. అంబాసిడర్ వీల్‌బేస్ 2464 మి.మీ., ఆ అంకె కంటే రెండు పక్కలా ఒకటేనా అన్నదే ముఖ్యం. ఎడమ పక్క సెంటీమీటర్ తగ్గినా దొరికినట్టే.

2. యూ బోల్టుల (యాక్సిల్‌ని కమాన్ కట్టకి బిగించేవి) పక్కన కట్ట మీద మట్టి గీకి చూడండి. తుప్పు మధ్యలో కొత్తగా మెరిసే గీత ఉంటే యాక్సిల్ జరిగింది. మా బండికి అచ్చం ఇలాగే, మేమేమో అప్పటికే టై రాడ్లు (స్టీరింగ్‌ని ముందు చక్రాలకి కలిపే కడ్డీలు) మార్చేసి కూర్చున్నాం!

3. బాడీ కింద స్టాండ్లు పెట్టకుండా యూ బోల్టులు విప్పొద్దు. సెంటర్ బోల్ట్, యూ బోల్టులు కొత్తవే వేయండి, చివరి బిగింపు బండి బరువు నేల మీద ఉన్నప్పుడే, 200 కి.మీ. తిరిగాక మళ్లీ ఒకసారి.

బోల్ట్ బాగానే ఉంటే కమాన్ ముందు కొస బిగించిన చోట రేకు చూడండి, దీనికి విడిగా ఛాసిస్ (బాడీని మోసే ఇనుప ఫ్రేమ్) లేదు కదా, ముడత పడినా పెయింట్ పగిలినా అది వెల్డింగ్ పని.

అలైన్‌మెంట్ ఇవన్నీ అయ్యాకే.