చెప్పినవాణ్ణి "నువ్వు చూశావా?" అని అడగండి: పది రూపాయల బిళ్ళ సంగతి

"ఇన్ని తప్పుడు వార్తలు తిరుగుతుంటే, పైగా మన ఇష్టాయిష్టాలు కూడా మనల్ని ఒక పక్కకి లాగుతుంటే, ఏది నమ్మాలో ఎలా తేల్చుకోవాలి?" అని అడిగారు. నరసరావుపేటలో మాది చిన్న కిరాణా కొట్టు. అక్కడ కూర్చుని చూసింది చెప్తాను. నా జవాబు ఇదే: ఆ మాట చెప్తున్న మనిషి దాన్ని స్వయంగా చూశాడా, అది నమ్మడం వల్ల అతనికి ఏం కలిసొస్తోంది, ఈ రెండూ అడగండి. మిగతా పరీక్షలన్నీ ఆ తర్వాతే.

పది రూపాయల బిళ్ళ చెల్లదన్న పుకారు మీ ఊళ్లోకీ వచ్చే ఉంటుంది. రూపాయి గుర్తు ఉన్నదే అసలుదని, లేనిది దొంగదని అనేవారు. పది గీతలుంటే మంచిదట, పదిహేనుంటే నకిలీదట. ఫొటోల మీద ఎర్రటి గుండ్రాలు చుట్టి వాట్సాప్‌లో పంపేవాళ్లు. చూస్తే ఎవరో కూర్చుని పరిశోధన చేసినట్టే ఉండేది. పది రూపాయల బిళ్ళ జనంలోకి వచ్చింది 2009లో. రూపాయి గుర్తును కేంద్రం ఖరారు చేసింది 2010 జులైలో. ముందు అచ్చయిన బిళ్ళ మీద తర్వాత పుట్టిన గుర్తు ఎలా ఉంటుంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకున్నవాళ్లు మా బజారులో ఎవరూ కనపడలేదు.

మా వీధిలో ఆకుకూరలు అమ్మే మామ్మ ఒకామె ఉంది. గోంగూర కట్టో తోటకూర కట్టో కొనేవాళ్లు బయట ఎవరూ తీసుకోని బిళ్ళలు తెచ్చి ఆమెకి అంటగట్టేవాళ్లు. ఆమె కాదనదని ధైర్యం. ఆమె వాటిని ఒక పాత హార్లిక్స్ సీసాలో వేసి దాచుకుంది. ఒకరోజు బీపీ మాత్రలకి మందుల షాపుకి వెళ్తే అక్కడ తీసుకోలేదు. సీసా పట్టుకుని మా కొట్టుకొచ్చింది.

"నాయనా, చదువుకున్నోడివి, నిజం చెప్పు. ఇవిక పారెయ్యాల్సిందేనా? పక్కవీధి కుర్రాడు బిళ్ళకి ఐదు రూపాయలిస్తానంటున్నాడు. ఇచ్చెయ్యనా?"

నాకు ఒళ్లు మండింది. చెల్లని బిళ్ళకి ఆ కుర్రాడు ఐదు రూపాయలు ఎందుకిస్తాడు? చెల్లుతుందని అతనికి బాగా తెలుసు కాబట్టే. పుకారు అనగానే మనం చదువురాని వాళ్ల అమాయకత్వం గురించి మాట్లాడతాం. అక్కడ మోసపోతున్నది చదువురాని మామ్మ, నిజం తెలిసి కూడా ఆమె దగ్గర సగానికి కొనబోయింది డిగ్రీ చదివిన కుర్రాడు.

మామ్మని వెంటబెట్టుకుని ఆ మందుల షాపుకి వెళ్లాను. "అన్నా, దొంగ బిళ్ళ నువ్వు ఎప్పుడైనా చూశావా?" అని అడిగాను. "నేను చూడలేదు తమ్ముడూ, హోల్‌సేల్ షాపులో తీసుకోవట్లేదు" అన్నాడు. ఆ హోల్‌సేల్ షాపు ఎక్కడో కనుక్కుని అక్కడికీ వెళ్లాం. షావుకారు గారు కూడా దొంగ బిళ్ళ చూడలేదు. "బ్యాంకులో కట్టించుకోవట్లేదండీ, మేమేం చేస్తాం" అన్నారు. సరే, బ్యాంకుకే వెళ్లాం. కౌంటర్లో ఉన్న మేడం కూడా బిళ్ళలు దొంగవని అనలేదు. "చెల్లుతాయండీ, ఎందుకు చెల్లవు? లెక్కపెట్టడానికి మనుషులు లేరు. వచ్చే వారం రండి" అంది.

ఊరు ఊరంతా భయపడుతున్న నకిలీ నాణేల వెనక ఉన్నది ఇంతే. ఒక బ్యాంకులో చిల్లర లెక్కపెట్టడానికి బద్ధకించారు. ఆ బద్ధకం షావుకారు దగ్గరికి వచ్చేసరికి "బ్యాంకు తీసుకోదు" అయింది, మందుల షాపులో "చెల్లదు" అయింది, వాట్సాప్‌కి ఎక్కేసరికి "దొంగది" అయింది. ఈ వరసలో ఎవరూ పచ్చి అబద్ధం ఆడలేదు. తనకి వీలైన మేరకి ఒక్కొక్కరు ఒక్కో మెట్టు పెంచారు. అన్ని పుకార్లూ ఇలాగే పుడతాయని నా గట్టి నమ్మకం.

బిళ్ళలు తీసుకోవాలని రిజర్వ్ బ్యాంకు అప్పటికే చెప్పి ఉంది. అప్పటిదాకా వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని 2018 జనవరిలో ప్రకటన ఇచ్చింది. అది ఫోన్లో తీసి మేనేజర్ గారికి చూపిస్తే ఆయన ఇంకేం మాట్లాడకుండా కట్టించుకున్నారు. మామ్మ నోట్లు కొంగున ముడేసుకుని మళ్లీ అదే మందుల షాపుకి వెళ్లింది.

పుకారుకి ఆధారమే లేదని నేననను. 2016 అక్టోబరులో ఢిల్లీలోని బవానాలో దొంగ నాణేలు తయారుచేసే చోటు పోలీసులకి దొరికింది. అది నిజమే. కానీ దొంగ ఐదొందల నోట్లు పట్టుబడ్డాయని కూడా తరచూ పేపర్లో చదువుతాం కదా, ఐదొందల నోటు తీసుకోవడం ఎవరైనా మానేశారా? మానరు, మానితే బతకలేరు. బిళ్ళ బరువు, జేబుకి చిల్లు పెడుతుంది, లెక్కపెట్టాలంటే విసుగు. అందుకే అది దొంగదన్న వార్త అందరికీ హాయిగా అనిపించింది. మీరు అడిగిన ఇష్టాయిష్టాల సంగతి ఇక్కడుంది. మన కులం, మన పార్టీ, మన హీరో విషయంలోనే పక్షపాతం ఉంటుందనుకుంటాం. నేను చూసినంతలో అంతకంటే పెద్ద పక్షపాతం మన సౌకర్యం మీద ఉంటుంది. శ్రమ తప్పించే అబద్ధాన్ని ఎవరూ పరీక్షించరు.

భయం సంగతి వేరు. మా నాన్నగారు మొదట్లో బిళ్ళలు వద్దే వద్దన్నారు. ఆయన్ని నేను తప్పుపట్టను. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాక బ్యాంకు ముందు లైన్లో నిలబడి కళ్లు తిరిగి పడిపోయిన మనిషి ఆయన. రాత్రికి రాత్రి నోటే పోయినప్పుడు బిళ్ళ పోదని నమ్మకం ఏమిటన్నది ఆయన ప్రశ్న. అదే నెలలో ఉప్పు దొరకదన్న పుకారు లేచి, కొన్నిచోట్ల జనం కిలో ఉప్పుని వందల రూపాయలు పెట్టి కొన్నారు. రెండు వేల నోటులో చిప్ ఉందన్నారు. ఒకసారి దెబ్బ తిన్నవాడు ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడతాడు. అలాంటివాళ్లని వెక్కిరిస్తే నమ్మరు, కూర్చోబెట్టి చెప్పాలి.

నాన్నగారికి నేను చెప్పింది ఇదీ. నిజంగా రద్దు చేసినప్పుడు పద్ధతి ఒకటుంటుంది. పావలా బిళ్ళ 2011 జూన్ 30 నుంచి చెల్లదని ముందే చెప్పారు, ఈలోపు బ్యాంకుల్లో మార్చుకోమన్నారు. 2023 మే నెలలో రెండు వేల నోట్లు వెనక్కి తీసుకుంటామన్నప్పుడు కూడా ఫలానా తేదీలోగా బ్యాంకులో ఇవ్వండన్నారు. అంత హఠాత్తుగా చేసిన పెద్ద నోట్ల రద్దులో కూడా ఎక్కడ మార్చుకోవాలో, ఎప్పటిదాకానో అదే రాత్రి చెప్పారు. పది రూపాయల బిళ్ళ గురించి తేదీ లేదు, మార్చుకునే చోటు లేదు, చెప్పినవాడి పేరు లేదు. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే బోర్డు పెట్టు" అన్నారు. "పది రూపాయల బిళ్ళలు తీసుకుంటాం" అని బోర్డు పెట్టాం.

బోర్డు పెట్టాక ఇంకో పాఠం నేర్చుకున్నాను. బిళ్ళలు తెచ్చి మా దగ్గర వదిలించుకునేవాళ్లే, చిల్లరగా మేం అవే తిరిగిస్తే "వద్దండీ, చెల్లవు" అనేవాళ్లు. చెల్లుతాయని వాళ్లకి తెలుసు. ఎదుటివాడు తీసుకోడేమోనని వాళ్ల భయం, ఎదుటివాడికి వీళ్లు తీసుకోరేమోనని భయం. ఊళ్లో ఒక్కడు కూడా నమ్మకపోయినా పుకారు అలా బతికేస్తుంది. 2022లో తమిళనాడు ధర్మపురి జిల్లాలో ఒకాయన ఈ విసుగుతోనే 6 లక్షల రూపాయల పది రూపాయల బిళ్ళలు పోగుచేసి కారు కొన్నాడు. అందుకే నిజం తెలుసుకుని ఊరుకుంటే చాలదంటాను. తెలిసినవాడు నలుగురి ముందు ఆ బిళ్ళ తీసుకోవాలి.

ఇంకో బాధ కూడా చెప్పనివ్వండి. పుకారు మా ఊరికి మంచి తెలుగులో, ఆడియో రూపంలో, "అమ్మా, అక్కా, జాగ్రత్త" అంటూ వచ్చింది. దాన్ని ఖండించిన ప్రకటన మా కంటపడింది ఇంగ్లీషులో. మామ్మ ఏది నమ్ముతుంది? 14440కి మిస్డ్ కాల్ ఇస్తే బిళ్ళల గురించి చెప్తారని రిజర్వ్ బ్యాంకు ఎస్సెమ్మెస్‌లు పంపింది. మంచి పనే, కానీ ఎస్సెమ్మెస్ చదవలేని మనిషికి అది ఎలా చేరుతుంది? మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పొద్దున్నే ఫార్వర్డులు పంపే పెద్దలకి దండం పెట్టి అడిగాను, కనీసం ఎవరు చెప్పారో రాయమని. "మంచికే కదా బాబూ పంపేది" అంటారు. మంచికే పంపారు, మామ్మ దాదాపు సగం డబ్బు పోగొట్టుకోబోయింది.

ఇప్పుడు పన్నెండు మూలల ఇరవై రూపాయల బిళ్ళ వచ్చింది కదా, దాని మీద కూడా మా బజారులో గుసగుసలు మొదలయ్యాయి. చెల్లదన్న ప్రతివాణ్ణీ "నువ్వు చూశావా, ఎవరు చెప్పారు, పేరు చెప్పు" అని నిలదీస్తున్నాను. ఇంతవరకు ఎవరూ పేరు చెప్పలేదు.