రిమోట్ నొక్కితే సెల్ఫ్ తిరుగుతుంది, బండి గేర్‌లో ఉంటే?

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒక్క సంగతి చుట్టే తిరిగాయి: రిమోట్ స్టార్ట్, అలారం, జీపీఎస్. మొదటి జవాబు పొడుగైంది. మిగతావాటికి అదే పునాది కాబట్టి ముందు అది చదవండి.

ప్రశ్న: నాది 12 వోల్టుల డీజిల్ పికప్. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తోలుతాను. అలారంతో పాటు రిమోట్ స్టార్ట్ కూడా ఉన్న కిట్టు బిగిస్తానని ఒక ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. మామూలు గేర్ల బండికి అది పెట్టొచ్చా? ఏమేం చూసుకోవాలి?
— పికప్ యజమాని, నర్సంపేట

జవాబు: పెట్టొచ్చు. కానీ అలారం, సెల్ఫ్ కట్ (దొంగ చాబి తిప్పినా సెల్ఫ్ తిరగకుండా ఆపే ఏర్పాటు) ముందు పెట్టించండి. ఇంకా డబ్బు, ఓపిక మిగిలితే రిమోట్ స్టార్ట్ సంగతి ఆలోచించండి. మాకైతే గేర్ల బండికి అది సోకు కిందే లెక్క.

చాబితో స్టార్ట్ చేసేటప్పుడు డ్రైవర్ కాలు క్లచ్ మీద ఉంటుంది, చెయ్యి గేర్ రాడ్డును ఒకసారి కదిపి చూస్తుంది. రిమోట్‌కు కాలూ లేదు, చెయ్యీ లేదు. ఏటవాలులో ఆపినప్పుడు బండిని మొదటి గేర్‌లో వేసి వదిలేయడం మనవాళ్ల అలవాటు. ఆ స్థితిలో రిమోట్ నొక్కితే సెల్ఫ్ మోటారే చక్రాలను తిప్పుతుంది. బండి ముందుకు దుంకుతుంది, ఈలోగా ఇంజన్ అందుకుంటే ఇక ఆగదు. కొత్త బండ్లలో క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తిరిగేలా క్లచ్ దగ్గర స్విచ్ ఉంటుంది. కిట్టు బిగించేవాళ్లు మొట్టమొదట చేసే పని ఆ స్విచ్‌ను బైపాస్ చేయడం. బైపాస్ చేసిన రోజు నుంచి మీ పిల్లలు బండి ముందు ఆడుకోవడానికి వీల్లేదు.

అందుకే ‘రిజర్వేషన్ మోడ్’ ఉన్న కిట్టు తప్ప మరొకటి తీసుకోవద్దు. అది పనిచేసే తీరు ఇది: బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఇంజన్ నడుస్తుండగానే రిమోట్ నొక్కి చాబి తీసేస్తారు. ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. మీరు దిగి తలుపు వేశాక అదే ఆగిపోతుంది. క్లచ్ మీద కాలు లేకుండా ఇంజన్ నడిచిందంటే గేర్ లేనట్టే కదా, ఆ నమ్మకంతోనే కిట్టు రేపటి స్టార్ట్‌కు ఒప్పుకుంటుంది. ఆ తర్వాత ఏ తలుపు తెరిచినా, హ్యాండ్ బ్రేక్ దించినా ఆ అనుమతి రద్దు కావాలి. అంటే రెండు తలుపుల స్విచ్‌లూ కిట్టుకు కలపాలి. చాలామంది డ్రైవర్ వైపుది ఒక్కటే కలిపి చేతులు దులుపుకుంటారు. అద్దాలు కూడా ఎక్కించి వెళ్లాలి, ఎందుకంటే కిటికీలోంచి చెయ్యి పెట్టి గేర్ వేస్తే కిట్టుకు తెలియదు.

వైరింగ్‌లో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇగ్నిషన్ స్విచ్ వెనక. రంగులను నమ్మవద్దు, మల్టీమీటర్ పెట్టి చూడాలి. చాబి తీసినా 12 వోల్టులు చూపేది బ్యాటరీ వైరు. చాబి మొదటి మెట్టులో కరెంటు వచ్చి, సెల్ఫ్ తిరిగేటప్పుడు పోయేది యాక్సెసరీ, అంటే రేడియో లాంటివాటికి వెళ్లే వైరు. సెల్ఫ్ తిరిగేటప్పుడు కూడా నిలిచి ఉండేది ఇగ్నిషన్, కొన్ని బండ్లలో ఇలాంటివి రెండు ఉంటాయి, రెండింటికీ కరెంటు ఇవ్వాలి. సెల్ఫ్ తిరిగినంతసేపే వచ్చేది స్టార్టర్ వైరు. యాక్సెసరీనీ ఇగ్నిషన్‌నూ తారుమారు చేస్తే సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజన్ అందుకోదు. అప్పుడు తప్పంతా పంపు మీదకో బ్యాటరీ మీదకో పోతుంది.

డీజిల్‌కు హీటర్ టైమ్ కావాలి, అంటే సెల్ఫ్ కొట్టే ముందు ఇంజన్‌లోని హీటర్ వేడెక్కే సమయం. కిట్టులో డీజిల్ డిలే ఉంటే 5 నుంచి 10 సెకన్లు పెట్టించండి. వరంగల్‌లో అంత అవసరం పడకపోయినా జనవరి తెల్లవారుజామున ఆదిలాబాద్ వైపు వెళితే తేడా తెలుస్తుంది. ఇంజన్ అందుకుందో లేదో తెలియడానికి డైనమో చార్జింగ్ లైటు వైరును కిట్టుకు కలపాలి. అది కలపకుండా ‘ఒకటిన్నర సెకను సెల్ఫ్ కొట్టు’ అని లెక్క పెడితే, చల్లగా ఉన్న ఇంజన్‌కు ఆ సమయం చాలదు. వేడిగా ఉన్నదేమో ముందే అందుకుని బెండిక్స్ (సెల్ఫ్ మోటారు కొసనుండే చిన్న పళ్ల చక్రం) పళ్లు అరగదీస్తుంది. బోనెట్ కింద పిన్ స్విచ్ ఒకటి తప్పనిసరి. బోనెట్ తెరిచి ఉంటే రిమోట్ పనిచేయకూడదు, ఫ్యాన్ బెల్టు దగ్గర ఎవరి చెయ్యి ఉందో ఇంట్లో కూర్చుని రిమోట్ నొక్కే మీకు తెలియదు కదా.

ఇగ్నిషన్, స్టార్టర్ వైర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడాలి, తలుపు, హ్యాండ్ బ్రేక్ సిగ్నళ్లకు 0.75 చాలు. ఫ్యూజు బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. క్యాబిన్‌లో ఫ్యూజు పెడితే దానికి ముందున్న వైరు ఎక్కడ ఒరుసుకున్నా అంటుకుంటుంది. వైర్లు మెలితిప్పి టేపు చుట్టడం మన ఎండలకు పనికిరాదు. మే నెలలో జిగురు కారిపోయి టేపు ఊడి వేలాడుతుంది. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ గొట్టం తొడిగించండి.

ఇక చిప్ చాబి ఉన్న బండి అయితే ఇంకో చిక్కు. చిప్ దగ్గర లేకుంటే ఇంజన్ అందుకోదు. కాబట్టి కొందరు మీ రెండో చాబిని, లేదా దాని చిప్‌ను, డ్యాష్‌బోర్డు వెనక పెట్టెలో దాచి కట్టేస్తారు. దొంగను ఆపడానికి కంపెనీ పెట్టిన తాళాన్ని మన చేత్తో మనమే తీసేసినట్టు. పైగా బండి పోతే ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేవి రెండు ఒరిజినల్ చాబీలు. ఒకటి బండితోనే పోయిందని చెబితే క్లెయిమ్ దగ్గర పేచీ మొదలవుతుంది. చాబి దాచకుండా పనిచేసే బైపాస్ మీ మోడల్‌కు దొరక్కపోతే రిమోట్ స్టార్ట్ మానుకోండి.

బిగించాక డబ్బు ఇచ్చే ముందు ఖాళీ స్థలంలో, టైర్లకు ముందూ వెనకా రాళ్లు పెట్టి పరీక్ష చేయించండి. హ్యాండ్ బ్రేక్ దించి నొక్కాలి, స్టార్ట్ కాకూడదు. ఎడమ తలుపు తీసి వేసి నొక్కాలి, కాకూడదు. బోనెట్ తెరిచి నొక్కాలి, కాకూడదు. నడుస్తుండగా చాబి లేకుండా బ్రేక్ తొక్కాలి, ఆగిపోవాలి. పది నిమిషాలు వదిలేస్తే దానంతట అదే ఆగాలి. ఒక్కటి తప్పినా బండి తెచ్చుకోవద్దు. ఇంకోటి, రోడ్డు మీద వాడకండి. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 126వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో బండి ఆగి ఉంటే సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాలి, లేదా ఇంజన్ ఆపి బ్రేకు వేసి ఉండాలి, అదీ కాకుంటే బండి దానంతట అది కదలకుండా తగిన ఏర్పాటు చేసి ఉండాలి.

ప్రశ్న: నా పది టైర్ల లారీ 24 వోల్టులు. పికప్‌కు పెట్టే కిట్టే చవక. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 తీసి ఇస్తే సరిపోతుందంటున్నారు. నిజమేనా?
— లారీ ఓనర్, గోదావరిఖని

జవాబు: పనిచేస్తుంది, బ్యాటరీలను తినేస్తూ. డైనమో రెండు బ్యాటరీలకూ కలిపి 28 వోల్టులు ఇస్తుంది. ఏది తక్కువ నిండిందో చూసి పంచిపెట్టే తెలివి దానికి లేదు. 12 తీసిన బ్యాటరీ ఎప్పుడూ అరకొరగా ఉంటుంది, రెండోది ఎక్కువ ఎక్కి నీళ్లు మరిగిపోతుంది. చివరికి జత మొత్తం మార్చాలి. ఇప్పటికే టేపు రికార్డరుకో ఫోన్ చార్జరుకో ఇలా తీసి ఉంటే, రాత్రంతా ఆపిన లారీలో పొద్దున రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలవండి. తేడా 0.3 వోల్టు దాటితే ఆ వైరు పీకేయాల్సిందే. 24 నుంచి 12కు దించే పది ఆంపియర్ల డ్రాపర్ పెట్టండి, లేదా 24 వోల్టుల అలారమే కొనండి. సైరన్, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే స్విచ్‌లు) కూడా 24వే ఉండాలి. 12 రిలేకు 24 ఇస్తే కాయిల్ కాలుతుంది.

లారీకి రిమోట్ స్టార్ట్ మాత్రం వద్దు. పొద్దున్నే బ్రేకులకు ఎయిర్ ఎక్కించుకోవడానికి బాగుంటుందనిపిస్తుంది, నిజమే. కానీ దాన్ని డ్రైవర్ సీట్లో కూర్చుని గేజీ చూస్తూ చేయాలి. క్యాబిన్ ముందుకు వంచే లారీల్లో ఇంకా ప్రమాదం: క్యాబిన్ ఎత్తి మెకానిక్ కింద ఉన్నప్పుడు ఎవరో రిమోట్ నొక్కితే ఏమవుతుందో ఊహించండి. పాత మెకానికల్ పంపు ఇంజన్లలో స్టాప్ కేబుల్ లాగితేనే ఆగుతుంది, అసలు కిట్టుకు దాన్ని ఆపే దారే లేదు. అలారం వైర్లు క్యాబిన్ నుంచి చాసిస్‌కు దిగే చోట, క్యాబిన్ వంగే కీలు దగ్గర మూరెడు వైరు వదులుగా చుట్ట వదలండి. బిగుతుగా లాగితే మొదటిసారి క్యాబిన్ ఎత్తినప్పుడే తెగుతుంది.

ప్రశ్న: ఓనర్ జీపీఎస్ పెట్టించి, దొంగతనం జరిగితే ఫోన్ నుంచే ఇంజన్ ఆపుతానంటున్నాడు. నడుస్తున్న బండిని అట్లా ఆపితే మా గతేంటి?
— డ్రైవర్, హన్మకొండ

జవాబు: మీ భయం సరైనదే. నడుస్తున్న లారీలో ఇంజన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, కంప్రెసర్ ఆగి ఎయిర్ కొత్తగా ఎక్కదు. జాతీయ రహదారి మీద అది దొంగకే కాదు, వెనకొచ్చేవాళ్లకూ ముప్పు. కట్ ఇవ్వాల్సింది సెల్ఫ్ వైరుకు. నడిచేది నడుస్తుంది, ఒకసారి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు.

దానికి ఒక్క రిలే చాలు. చాబి నుంచి వచ్చే స్టార్టర్ వైరును కత్తిరించి చాబి వైపు కొసను రిలే మీద 30 అని రాసి ఉన్న పిన్నుకు, సెల్ఫ్ వైపు కొసను 87ఏకి కలపాలి. కాయిల్‌కు 86 దగ్గర ఇగ్నిషన్ కరెంటు, 85 దగ్గర పరికరం ఇచ్చే నెగెటివ్. ఇలా కలిపితే పరికరం చెడిపోయినా బండి నడుస్తుంది, అడవి మధ్యలో మిమ్మల్ని నిలబెట్టదు. కాయిల్‌కు నేరుగా బ్యాటరీ కరెంటు ఇస్తే మాత్రం కట్ వేసి ఉన్నంతసేపూ అది బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. 12 వోల్టుల రిలే ఒకటి దాదాపు 130 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. సెల్ఫ్ కట్ ఒక్కటే గట్టి దొంగను ఆపదు, సెల్ఫ్ దగ్గరే పానా అడ్డం పెట్టి స్టార్ట్ చేయగలడు. ఆలస్యం చేయిస్తుంది, అంతవరకే.

జీపీఎస్‌ను ఇనుప రేకు కింద పెట్టవద్దు, ప్లాస్టిక్ డ్యాష్ కింద ఆకాశం వైపు ముఖం ఉండాలి. 2జీ పరికరంలో జియో సిమ్ పనిచేయదు, జియోకు 2జీ లేదు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దారిలో సిగ్నల్ తెగినా లొకేషన్లు దాచుకుని తర్వాత పంపే పరికరం తీసుకోండి. బండి పోతే 112కు ఫోన్ చేసేలోపు ఫాస్టాగ్ బ్లాక్ చేయొద్దని ఓనర్‌కు చెప్పండి. హైదరాబాద్ దారిలో కోమళ్ల టోల్ దాటితే ఆ సంగతి ఆయన ఫోన్‌కు మెసేజీగా వస్తుంది, బండి ఎటు పోయిందో పోలీసులకు ఆధారం అదే.

ప్రశ్న: ధాన్యం సీజన్ అయ్యాక లారీ నెలరోజులు మిల్లు దగ్గరే నిలబడుతుంది. అలారం పెట్టించాక బ్యాటరీలు దిగిపోతున్నాయి.
— సుల్తానాబాద్ నుంచి ఒకరు

జవాబు: లెక్క వేసుకోండి. 30 మిల్లీ ఆంపియర్లు తీసుకునే జీపీఎస్ నెలకు సుమారు 22 ఆంపియర్ అవర్లు తాగుతుంది. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ దాన్ని తట్టుకుంటుంది. దానికి తోడు ఆగి ఉన్నప్పుడు కూడా రికార్డు చేసే కెమెరా, అలారం కలిసి 250 అయితే రోజుకు 6 పోతాయి. ఎనిమిది రోజుల్లో సగం బ్యాటరీ ఖాళీ. మల్టీమీటర్‌ను పది ఆంపియర్ల మీద పెట్టి నెగెటివ్ కేబుల్‌కు బ్యాటరీకి మధ్య కలిపి, అరగంట ఆగి చూడండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఒక్కో ఫ్యూజు పీకుతూ వెతకాలి. మీటర్ కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టకండి, మీటర్ పోతుంది. జీపీఎస్ ఒక్కదాన్ని 2 ఆంపియర్ల ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలిపి, మిగతావన్నీ బ్యాటరీ కట్ ఆఫ్ స్విచ్ అవతలకు మార్చండి.

ప్రశ్న: లారీ ఎత్తుకుపోవడం కాదు సార్, డీజిల్, బ్యాటరీలు పోతున్నాయి.
— భూపాలపల్లి

జవాబు: వాటికి రిమోట్లు అక్కర్లేదు, ఇనుము కావాలి. డీజిల్ ట్యాంకు మూత తాళంతో ఆగకండి, దొంగ కింద డ్రెయిన్ బోల్టు విప్పుతాడు. దాని మీద పట్టీ కప్పి తాళం వేయించండి. పట్టీని చాసిస్‌కు బిగించాలి తప్ప ట్యాంకుకు వెల్డింగ్ చేయొద్దు, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పేలుతుంది. మూతి లోపల జాలీ ఉంటే పైపు దిగదు. బ్యాటరీ పెట్టె మీద అడ్డంగా రాడ్డు, దానికి తాళం. బొగ్గు దుమ్ము తాళంలోకి పోతుంది కాబట్టి రబ్బరు మూత ఉన్నది కొనండి.

ప్రశ్న: మార్కెట్ యార్డులో అలారం ఊరికే మోగుతోంది. హమాలీలు తిడుతున్నారు.
— జమ్మికుంట

జవాబు: పక్కన లారీ కదిలినా మోగుతుంటే షాక్ సెన్సార్ మరీ సున్నితంగా ఉంది. చిన్న స్క్రూ ఉంటుంది, పావు తిప్పు తగ్గించి టైరును కాలితో తన్ని చూడండి. అప్పుడు మోగకూడదు, తలుపు మీద పిడికిలితో గుద్దితే మోగాలి. వానాకాలంలోనే మోగుతుంటే సెన్సార్‌ది తప్పు కాదు, తలుపు స్విచ్ తుప్పు పట్టింది. కొత్తది వేయించండి.