మధ్యలో ‘కానీ’ ఎందుకు?

సందేహం: ‘ఆసుపత్రి మంచం, ఆటల మైదానం’ అని ఒక కవితకు మొదటి పాదం రాశాను. ‘ఇందులో క్రియే లేదు, పైగా బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టావు’ అన్నాడు మా మిత్రుడు. దాంతో ‘ఆసుపత్రి మంచం మీద ఉన్న నాకు కిటికీలోంచి కనిపించే ఆటల మైదానం ఎంతో బాధ కలిగించింది’ అని మార్చాను. ఏది సరైనది?

సమాధానం: రెండింటిలోనూ తప్పు లేదు. కవితకు మాత్రం మొదటిదే కావాలి.

తెలుగు వాక్యానికి క్రియ ఉండి తీరాలన్న నియమం లేదు. ‘ఆయన డాక్టరు’ పూర్తి వాక్యమే. మీ పాదంలో అలాంటి వాక్యం కూడా లేదు. రెండు నామపదాలు పక్కపక్కన నిలబడ్డాయి, అంతే. అదీ మనకు కొత్త కాదు.

‘పేరు గొప్ప, ఊరు దిబ్బ’ అన్న సామెతనే చూడండి. క్రియ లేదు, ‘కానీ’ లేదు. ‘పేరు గొప్పదే కానీ ఊరు మాత్రం దిబ్బలా ఉంది’ అని చదివి చూడండి. అర్థం చెక్కుచెదరలేదు, చురుకు పోయింది. ‘కానీ’ అనగానే ఆ రెంటికీ పడదన్న సంగతి మనమే చెప్పేసినట్టు. అది పాఠకుడికి తట్టాలి. పేరు, ఊరు అన్న ప్రాస రెంటినీ దగ్గరికి లాగుతుంటే, అర్థం దూరంగా నెడుతోంది. ‘మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు’ అన్నదాంట్లో అలా దగ్గరికి లాగే పని ‘దాటు’ చేస్తోంది. కోటకూ గడపకూ అదొక్కటే చుట్టరికం.

పొంతన లేనివాటి కూర్పును వర్ణించడాన్ని ఆలంకారికులు, అంటే కావ్యాల్లోని అలంకారాలను వివరించిన పండితులు, విషమాలంకారం అన్నారు. అప్పయ్య దీక్షితులు కువలయానందం అనే సంస్కృత అలంకార గ్రంథంలో దానికి లక్షణం చెప్పారు. ‘నక్క ఎక్కడ, నాగలోకం ఎక్కడ’ అని మనం రోజూ అనే మాట ఆ తీరుదే.

బొమ్మల్లోనూ ఇదే కిటుకు. 1942లో చిత్రకారుడు పికాసో సైకిలు సీటునూ హ్యాండిల్‌నూ కలిపి ఎద్దు తల చేశాడు. చూస్తే ఎద్దే. అయినా సీటు సీటుగానే, హ్యాండిల్ హ్యాండిల్‌గానే కనిపిస్తుంటాయి. వాటిని గుర్తుపట్టకుండా చెక్కేసి ఉంటే అది మామూలు ఎద్దు బొమ్మ అయ్యేది.

మీ మిత్రుడి అభ్యంతరాన్ని కొట్టిపారేయను. ఏ రెంటిని పక్కన పెట్టినా కవిత్వం కాదు. ‘ఆసుపత్రి మంచం, నీలి తిమింగలం’ అంటే చెవికి బాగానే ఉంటుంది, మనసు ఎక్కడా ఆగదు. అది నిజంగానే బోడిగుండూ మోకాలూ. మీ పాదంలో అలా కాదు. మంచం, మైదానం రెండూ ‘మ’తో మొదలై సున్నాతో ముగుస్తున్నాయి, లోపల కదలని ఒళ్లూ పరుగెత్తే కాళ్లూ ఉన్నాయి. ఆ సంబంధం పాఠకుడు తనంతట తాను పట్టుకుంటాడు. ‘ఎంతో బాధ కలిగించింది’ అనేసి ఆ అవకాశాన్ని మీరే లాగేసుకున్నారు.

ఇంకొక్క విషయం. ‘ఆసుపత్రి మంచమూ ఆటల మైదానమూ’ అని దీర్ఘాలు మాత్రం ఇవ్వకండి. ఆ దీర్ఘం రెంటినీ ఒక జాబితాలో చేర్చేస్తుంది, మధ్యనున్న ఎడం పోతుంది. కామా చాలు. ఎడం ఇంకా కావాలనుకుంటే కామా తీసేసి రెండు పాదాలుగా విరవండి.