అమెరికాలో ఒక టెరిటరీ రాష్ట్రం కావాలంటే బానిసత్వం గొడవ ఎందుకొచ్చేది?

టెరిటరీ అంటే అమెరికా పాలనలో ఉన్నా ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం. అసలు లెక్కంతా అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లోని ఎగువ సభ, సెనేట్‌ది. పెద్దదైనా చిన్నదైనా ప్రతి రాష్ట్రానికీ అక్కడ రెండు సీట్లే. టెరిటరీకి కాంగ్రెస్‌లో ఓటు లేదు. జనాభా పెరిగాక రాజ్యాంగం రాసుకుని అడిగితే, కాంగ్రెస్ ఒప్పుకుంటేనే రాష్ట్రం.

1819 చివరికి బానిసత్వం ఉన్న రాష్ట్రాలు 11, లేనివి 11. మిస్సోరీ టెరిటరీ బానిసత్వంతోనే రాష్ట్రంగా చేరితే సెనేట్‌లో తూకం ఒరిగిపోతుంది. అందుకే 1820లో దానికి జోడీగా మెయిన్ (Maine) అనే ప్రాంతాన్ని స్వేచ్ఛా రాష్ట్రంగా, అంటే బానిసత్వం లేనిదిగా కలిపారు. ఫ్రాన్స్ నుంచి కొన్న లూసియానా భూముల్లో, మిస్సోరీ తప్ప, 36°30′ అక్షాంశ రేఖకు ఉత్తరాన బానిసత్వం వద్దన్నారు.

1854లో కాన్సస్-నెబ్రాస్కా చట్టం ఆ గీతను చెరిపేసి, బానిసత్వం ఉండాలో వద్దో ఆ రెండు టెరిటరీల జనమే తేల్చుకోవాలంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ 1855 మార్చి 30న కాన్సస్ శాసనసభ ఎన్నికల్లో జరిగింది చూడండి: ఓటర్లు సుమారు 2,900 మంది, పడిన ఓట్లు 6,300 పైనే! బానిసత్వం కావాలనేవాళ్లు పక్కనున్న మిస్సోరీ నుంచి తుపాకులతో సరిహద్దు దాటొచ్చి ఓట్లేసి వెళ్లిపోయారు. అలా గెలిచిన సభ, బానిసలను విడిపించేందుకు తీసుకెళ్లేవాళ్లకు మరణశిక్ష దాకా చట్టం చేసింది. ఎవరి బతుకు మీద ఈ ఓటింగో, ఆ బానిసలకు మాత్రం ఓటే లేదు. నాకు అన్నిటికన్నా ఘోరమనిపించేది అదే.

కాన్సస్ చివరికి 1861 జనవరి 29న స్వేచ్ఛా రాష్ట్రంగా చేరింది, అదీ తమ రాష్ట్రాలు దేశం నుంచి విడిపోవడంతో దక్షిణాది సెనేటర్లు పలువురు సెనేట్ వదిలి వెళ్లాకే.